సర్కారు బడిలో సైన్స్ చెప్పాలనుకుంటున్నారా? ముందు సైన్స్ టీచరుతో కూర్చోండి

హైదరాబాద్‌లో ప్రభుత్వ బడికి వెళ్లి పిల్లలకు సైన్స్ చెప్పాలని ఉబలాటపడేవాళ్లకు కొదవ లేదు. ఐటీ ఉద్యోగులు, రిటైరైన ఇంజినీర్లు, బీటెక్ పిల్లలు, కాలనీ సంఘాల వాళ్లు శనివారం వస్తారు. వెనిగర్‌లో వంటసోడా వేసి అగ్నిపర్వతం పొంగిస్తారు, బెలూన్ రాకెట్ వదులుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు, అందరూ కలిసి గ్రూప్ ఫొటో దిగుతారు. సోమవారం పొద్దున ఫిజికల్ సైన్స్ సార్ మళ్లీ అదే బోర్డు ముందు, అదే సిలబస్ టెన్షన్‌తో నిలబడతారు. శనివారం జరిగిన దానికీ ఆయన చెప్పాల్సిన పాఠానికీ ఏ సంబంధమూ ఉండదు.

ఏడాది పొడవునా పిల్లలతో ఉండేది టీచరు. మీరు మహా అయితే పది పదిహేను సార్లు వస్తారు. అందుకని మీరు ఎంత బాగా చెప్పారన్నది పెద్ద విషయం కాదు. మీరు రాని రోజున కూడా టీచరు ఆ ప్రయోగం చేయగలగాలి, అదీ అసలు పని. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

బడిలో అడుగుపెట్టే ముందు

ఒక బడి, ఒక టీచరు, ఒక తరగతి, ఒక విద్యా సంవత్సరం. మొదటి ఏడాది ఇంతకు మించి పెట్టుకోకండి. పది బడులు తిరిగితే పది ఫొటోలు మిగులుతాయి.

ముందు హెచ్‌ఎంను కలవండి. నోటి మాటగా సరే అన్నా, అధికారుల అనుమతి కాగితం తెచ్చుకోవడం మీకూ మంచిది, ఆయనకూ మంచిది. నగరం ఒక్కటిగానే కనిపిస్తుంది గానీ బడులు మూడు నాలుగు జిల్లాల కింద ఉంటాయి. శేరిలింగంపల్లి బడి రంగారెడ్డి జిల్లాది, కూకట్‌పల్లి బడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాది. హైదరాబాద్ జిల్లా అయితే డిప్యూటీ ఐఓఎస్ (బడుల ఉప తనిఖీ అధికారి), మిగతా జిల్లాల్లో ఎంఈఓ (మండల విద్యాధికారి). ఎవరి దగ్గరికి వెళ్లాలో హెచ్‌ఎంనే అడిగితే ఒక తిరుగుడు తప్పుతుంది. దరఖాస్తులో పెద్ద పెద్ద ఆశయాలు రాయక్కర్లేదు. ఏ తరగతి, ఏ సబ్జెక్టు, వారంలో ఏ రోజు, ఎంతమంది వస్తారు, డబ్బు ఏమీ అడగం, పిల్లల ఫొటోలు బయట పెట్టం. ఈ చివరి రెండు ముక్కలు రాసి ఉంటే పని తొందరగా అవుతుంది.

తరగతి ఎంచుకోవడంలో పదో తరగతి జోలికి వెళ్లకండి. అక్కడ ఆగస్టు నుంచే పరీక్ష నీడ పడుతుంది, దసరా దాటాక స్పెషల్ క్లాసులు, జనవరి వచ్చిందంటే ఊపిరాడదు. 6, 7, 8 తరగతులు మంచివి. ఆరు, ఏడుల్లో సైన్స్ ఒకే పుస్తకం, ఎనిమిది నుంచి ఫిజికల్ సైన్స్, బయాలజీ విడిపోతాయి.

జూన్‌లో బడి తెరిచిన కొత్తల్లో పుస్తకాలు పంచడం, అడ్మిషన్లు, ఆన్‌లైన్ ఎంట్రీలతో టీచర్లకు తల తిప్పుకునే తీరిక ఉండదు. జూలై రెండో వారం నుంచి మొదలుపెట్టండి. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే చిన్న మదింపు), ఎస్‌ఏ (పెద్ద పరీక్ష) తేదీలు ముందే కనుక్కుని ఆ వారాలు వదిలేయండి.

మొదటి రెండు సార్లు వెనక బెంచీలోనే

వెళ్లగానే చెప్పడం మొదలుపెట్టకండి. టీచరు ఒప్పుకుంటే వెనక కూర్చుని రెండు పీరియడ్లు వినండి. చేతిలో నోట్‌బుక్, పెన్ను వద్దు. వెనక కూర్చుని రాసుకునే మనిషి కనిపిస్తే అది తనిఖీ లాగే ఉంటుంది, టీచరు బిగుసుకుపోతారు. చూడాల్సింది టీచరును కాదు, గదిని. పిల్లలెంతమంది? బెంచీలు కదులుతాయా? నీళ్ల కుళాయి ఎంత దూరం? ప్లగ్‌లో కరెంటు వస్తుందా? ఎండ ఏ కిటికీ నుంచి, ఏ వేళకు పడుతుంది? ప్రయోగం నడిచేదీ ఆగేదీ వీటి మీదే.

ఇంకొకటి, భాష. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. క్లాసులో మాత్రం ఒక బెంచీ తెలుగు, ఒక బెంచీ ఉర్దూ, వెనకాల పనుల కోసం వలస వచ్చిన కుటుంబాల హిందీ, ఒడియా పిల్లలు. నోరు మెదపని పిల్లవాడికి సైన్స్ రాదని అనుకునే ముందు, వాడికి ప్రశ్న అర్థమైందో లేదో చూడండి. గ్రూపులు చేసేటప్పుడు ఒకే భాష పిల్లల్ని ఒకచోట పెట్టకండి, అలాగని ఒంటరిగా ఒక్కణ్నీ వదలకండి. ఇద్దరిద్దరుగా కలిపితే ఒకడికి అర్థమైంది ఇంకొకడికి చేరుతుంది.

రెండో పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూంలో చాయ్ తాగుతూ టీచరును మూడే అడగండి. వచ్చే పదిహేను రోజుల్లో ఏ పాఠం చెప్పబోతున్నారు? అందులో ఏ ప్రయోగం చేయాలని ఉండీ చేయలేకపోతున్నారు? ఎందుకు కుదరట్లేదు?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే మీ పని ఉంటుంది. "సామాన్లు లేవు మేడమ్" అంటే తేలిక. "అరవై మంది పిల్లలు సార్, ఒక్కడినే ఎట్లా చూసుకోవాలి" అంటే మీ ఇద్దరి చేతులు కావాలి. "నేను చదివింది మ్యాథ్స్, సర్దుబాటులో సైన్స్ ఇచ్చారు" అంటే మీరు పిల్లల కంటే ముందు టీచరుతో గంట కూర్చోవాలి. కొన్నిసార్లు అసలు కారణం ల్యాబ్ బీరువా తాళం. సామాన్లు లోపల ఉంటాయి, కానీ స్టాక్ రిజిస్టర్లో ఎక్కి ఉంటాయి. బీకరు పగిలితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. అందుకే బీకర్లు భద్రంగా, దుమ్ము పట్టి, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఇందులో టీచరు బద్ధకం ఏమీ లేదు, ఆ పద్ధతే అంత.

పగిలినా పర్వాలేని సామాన్లు

రిజిస్టర్‌లోకి ఎక్కని, పగిలితే ఎవరూ అడగని సామాన్లు పెట్టండి. ప్లాస్టిక్ గ్లాసులు, ఖాళీ వాటర్ బాటిళ్లు, సూది తీసేసిన సిరంజీలు, స్ట్రాలు, కొవ్వొత్తులు, దారం, బెలూన్లు, అయస్కాంతాలు బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల్లో దొరుకుతాయి. ఎల్‌ఈడీలు, వైర్లు, బ్యాటరీ హోల్డర్లు, చిన్న మోటార్లకు కోఠి గుజరాతీ గల్లీ. 110 డిగ్రీల దాకా చూపే ల్యాబ్ థర్మామీటర్లు ఒక అరడజను కొనండి, ఎర్ర ద్రవం ఉన్నవే తీసుకోండి. పాదరసం ఉన్నది పగిలితే ఆ పాదరసాన్ని ఎత్తలేరు, దాని ఆవిరి విషం.

కిట్‌ను ప్రయోగం వారీగా కాకుండా గ్రూపు వారీగా సర్దండి. ఎనిమిది గ్రూపులకు ఎనిమిది ప్లాస్టిక్ డబ్బాలు, మూత మీద నంబరు. లోపలి సామాన్ల జాబితా మూతకు లోపలి వైపు అంటించండి. పీరియడ్ చివర ప్రతి గ్రూపులో ఒకరు జాబితా చూసి సర్దుతారు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో సామాన్లు పంచడానికే పదిహేను నిమిషాలు పోతున్నాయని టీచర్లు ప్రయోగాలు మానేస్తారు. ఈ డబ్బాల పద్ధతితో ఆ పని మూడు నిమిషాల్లో అవుతుంది. డబ్బాలు బీరువాలో పెట్టి తాళం వేయకండి. క్లాసులోనే ఒక మూలన ఉండాలి.

స్మార్ట్ బోర్డులు, రోబో కిట్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఒక్క వైరు పోతే బాగుచేసే మనిషి దొరక్క అటకెక్కుతాయి.

పీరియడ్ నడపడం

ప్రయోగానికి ముందు రెండు నిమిషాలు ఆగి, ఏమవుతుందో ప్రతి ఒక్కరి చేతా నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయించండి. తప్పో ఒప్పో తర్వాత సంగతి. రాశాక కొట్టేయకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పీరియడ్ అంతా దీని మీదే నిలబడుతుంది. ముందే రాసి పెట్టుకున్న పిల్లవాడు తన మాట నెగ్గుతుందా లేదా అని చూస్తాడు. రాయని పిల్లవాడు ఊరికే చూస్తాడు, ఏమైనా సరే "నేనూ అదే అనుకున్నా సార్" అంటాడు.

తర్వాత చేయడం, చూసింది రాయడం, ఆ తర్వాతే ఎందుకో మాట్లాడుకోవడం. చూసిందీ అనుకున్నదీ వేరు వేరు గడుల్లో రాయించండి. "గ్యాస్ వచ్చింది" అని రాస్తే, "నీకు గ్యాస్ కనిపించిందా, బుడగలు కనిపించాయా?" అని అడగండి.

మరుగుతున్న నీళ్ల ప్రయోగంతో దీన్ని బాగా అలవాటు చేయొచ్చు. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి అంటే క్లాసంతా "హండ్రెడ్!" అని అరుస్తుంది. పుస్తకంలో ఉంది, బిట్ పేపర్‌లో ఉంది. ఇప్పుడు టీచరు బల్ల మీద ఎలక్ట్రిక్ కెటిల్ మూత తీసి నీళ్లు మరిగించి, థర్మామీటర్ అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీయండి. ఇద్దరిద్దరు పిల్లలు వచ్చి దూరం నుంచే అంకె చూసి, పక్కవాడికి చెప్పకుండా రాసుకోవాలి. కళ్లను గీతకు సూటిగా పెట్టి చదివితే 98 దగ్గర ఆగుతుంది. సగం మంది మాత్రం 100 అనే రాస్తారు! చూసింది రాయరు, తెలిసింది రాస్తారు.

థర్మామీటర్ తప్పేమో అంటారు. మంచి అనుమానమే, ఇంకో రెండు పెట్టి చూడండి. ఈ రకం థర్మామీటర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపొచ్చు, అయినా అన్నీ 100కు కిందనే గుమిగూడతాయి. అసలు కారణం మన ఊరు ఉన్న ఎత్తు. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. విశాఖ బీచ్ ఒడ్డున అయితే 100. పుస్తకం తప్పు కాదు, పుస్తకం సముద్ర మట్టం దగ్గరి లెక్క చెప్పింది. ఈ మాట పిల్లల ముందు టీచరు నోటితోనే రావాలి. అందుకోసం ముందు రోజు సాయంత్రం మీరిద్దరూ కలిసి ఒకసారి చేసి చూసుకోవాలి.

శ్వాసక్రియ పాఠానికి సున్నపు తేట

పెద్ద ఖర్చు లేని ప్రయోగం ఇది, కానీ జాగ్రత్తలు ఎక్కువ. పాన్ డబ్బాలో దొరికే సున్నం చాలు. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ముద్ద సున్నాన్నీ, ప్యాకెట్‌నూ పిల్లల చేతికి ఇవ్వకూడదు, బడికి తేనే కూడదు. తేటను పెద్దవాళ్లు ఇంట్లో తయారుచేసి సీసాలో తేవాలి.

1. లీటరు నీళ్లలో ఒక చెంచా సున్నం కలిపి మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. కరిగేది చాలా కొంచెం, మిగతాదంతా అడుగుకు చేరుతుంది.
2. పొద్దున పైతేటను మాత్రం ఇంకో సీసాలోకి వంచి, పలచటి గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టండి. మూత బిగించండి. తెరిచి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన తెల్లటి పొర కడుతుంది.
3. గ్రూపుకు రెండు పొడుగు సీసాలు, ఒక్కోదానిలో రెండంగుళాల తేట. మూతకు బెజ్జం పెట్టి స్ట్రా దూర్చండి, చిమ్మకుండా ఉంటుంది. గాలి పోవడానికి పక్కన ఇంకో చిన్న బెజ్జం ఉండాలి.
4. ఒక సీసాలోకి ఒకరు స్ట్రాతో మెల్లగా ఊదాలి, పీల్చకూడదు. ఇంకో సీసాలోకి పెద్ద సిరంజీతో బయటి గాలిని పదే పదే పంపాలి.
5. ఏది ముందు పాలలా మారుతుందో, ఎంతసేపటికి మారుతుందో గడియారం చూసి రాయాలి.

ఊదిన సీసా నిమిషం రెండు నిమిషాల్లో తెల్లబడుతుంది. సిరంజీ సీసా అప్పటికి ఇంకా తేటగానే ఉంటుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం, మనం వదిలే గాలిలో దాదాపు 4 శాతం, అంటే వంద రెట్లు. పుస్తకాల్లోనూ యూట్యూబ్‌లోనూ ఊదే సీసా ఒక్కటే చూపిస్తారు. రెండో సీసా లేకపోతే ఇది ప్రయోగం కాదు, ఒట్టి ప్రదర్శన. తెల్లబడింది గాలి తగిలా, ఊపిరి తగిలా అన్నది తేల్చేది ఆ రెండో సీసానే.

ఎప్పుడూ ఒకడుంటాడు, ఆపమన్నా ఆపకుండా ఊదుతూనే ఉంటాడు. వాణ్ని తిట్టకండి. కాసేపటికి వాడి సీసా మళ్లీ తేటబడుతుంది! ముందు ఏర్పడిన తెల్లటి కాల్షియం కార్బొనేట్, ఇంకా కార్బన్ డయాక్సైడ్ తగలడంతో నీళ్లలో కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. క్లాసంతా వాడి చుట్టూ చేరుతుంది. చేతులు కడిగించడం మరిచిపోవద్దు. పొరపాటున కంట్లో చుక్క పడితే పావుగంట సేపు మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కొవ్వొత్తి ఆరిపోతే నీళ్లు ఎందుకు ఎక్కాయి?

పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గ్లాసు. దీపం ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు, అది మండిపోయింది, ఆ చోటులోకి నీళ్లు వచ్చాయి" అని తరాలుగా చెప్పుకుంటూ వస్తున్నాం. వినడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ తప్పు.

ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. ఒకటి, గ్లాసు బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు బయటికి వస్తాయి. వేడికి వ్యాకోచించిన గాలి బయటికి పోతోందన్నమాట. రెండు, ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే దీపం మండుతున్నంతసేపూ నీళ్లు కొంచెం కొంచెంగా ఎక్కాలి. అలా జరగదు. మంట ఆరాక ఒక్కసారిగా ఎక్కుతాయి. మూడు, అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టండి. ఆక్సిజన్ అంతే, అయినా నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి. పైగా, లోపలి ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం మంట ఆరాక లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోవడం, లోపలి నీటి ఆవిరి చల్లబడి నీరు కావడం. బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది.

మరి టీచరు ఏళ్లుగా ఆక్సిజన్ కథే చెబుతూ ఉంటే? పిల్లల ముందు సరిదిద్దారో, ఆ బడిలో మీ కథ ముగిసినట్టే, ముగియాలి కూడా. స్టాఫ్ రూంలో "సార్, మూడు కొవ్వొత్తులు పెడితే ఏమవుతుందో నాకు సరదాగా ఉంది, చూద్దామా?" అనండి. చేసి చూశాక చెప్పాల్సింది ఏమీ ఉండదు. మరుసటి రోజు సార్ క్లాసులో "ఇన్నాళ్లూ ఇలా అనుకున్నాం, ఇవాళ పరీక్షిద్దాం" అంటారు. సార్ కూడా కొత్తగా చూసి మాట మార్చుకోవచ్చని పిల్లలకు తెలుస్తుంది. ఆ ముప్పావుగంట పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

మన ఊరి పాఠాలు: దోమ, నీడ, రాయి

1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ ఇక్కడే, సికింద్రాబాద్‌లో, అనాఫిలస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పేరిట ఉన్న పాత భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆగస్టు అంటే డెంగీ సీజన్ కూడా. ఆ నెలలో దోమ జీవిత చక్రం బొమ్మ గీయించే బదులు దోమనే పెంచండి. కూలర్ అడుగు నీళ్లలోనో, పాత టైరులోనో దొరికే లార్వాలను అదే నీళ్లతో సీసాలోకి తీసి, దోమతెర గుడ్డను రెండు మడతలు వేసి రబ్బర్ బ్యాండుతో గట్టిగా కట్టండి. పిల్లలు రోజూ చూసి బొమ్మ వేయాలి. మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమ దాకా వారం పది రోజులే. లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటే అనాఫిలస్, తలకిందులుగా ఏటవాలుగా వేలాడితే క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. లార్వా ప్యూపాగా మారి కామా గుర్తులా వంగిందంటే రెండు రోజుల్లో ఎగురుతుంది. అప్పుడే సీసాలో రెండు చుక్కల నూనె వేయించండి. నూనె పొర గాలి గొట్టాలను మూసేస్తుంది, కాసేపట్లో అన్నీ చచ్చిపోతాయి. ఇంటికి పోయి కూలర్ నీళ్లు పారబోయమని ఇక వేరే చెప్పక్కర్లేదు. సీసా బాధ్యత, గుడ్డ ఊడిపోకుండా చూసుకోవడం మాత్రం పెద్దవాళ్లదే.

నీడ పాఠానికి ఆగస్టు 3 గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో మన నడినెత్తికి వస్తాడు. మేలో వచ్చేది సెలవుల్లో పోతుంది. ఆగస్టులో మధ్యాహ్నం 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో నిటారుగా నిలబెట్టిన సీసా నీడ దాని కిందకే చేరుతుంది. మబ్బు పడితే మర్నాడు చూడండి, పెద్ద తేడా ఉండదు. అసలు ప్రశ్న తర్వాత వస్తుంది: సరిగ్గా పన్నెండుకు ఎందుకు కాలేదు? మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది. మనం అక్కడికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. పదహారు నిమిషాల లెక్క పిల్లలే కడతారు. మిగిలిన ఆరేడు నిమిషాలు ఎక్కడివని అడిగేవాడు ఉంటే, భూమి సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తంలో తిరగడం, దాని అక్షం వంపు గురించి టీచరు ఇంకో పీరియడ్ తీసుకోవచ్చు.

రాళ్లకైతే ఎక్కడికీ పోనక్కర్లేదు. నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. బడి గోడ పక్కన దొరికిన ముక్కలో గాజులా మెరిసే క్వార్ట్జ్, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, నల్లగా తళుక్కుమనే మైకా వేరు చేయమనండి.

టీచరుకు అండగా ఉండటమంటే

కొత్తదేమీ కాదిది. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం 2002 దాకా, ముప్పై ఏళ్లు నడిచింది. కిట్లు ఇచ్చి ఊరుకోలేదు. టీచర్లు నెల నెలా కలిసి తాము క్లాసులో చేసింది చెప్పుకునేవారు, బడికి వచ్చి తోడు నిలబడే మనుషులు ఉండేవారు. పిల్లలు తమ ప్రశ్నలను సవాలీరామ్ అనే ఊహా మనిషికి ఉత్తరాలుగా రాసేవారు. మీ బడిలో కూడా ఒక ప్రశ్నల డబ్బా పెట్టండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే టీచరుకు పరువు సమస్య కాకుండా, అందరూ కలిసి వెతికే పని అవుతుంది.

ఇంకా చిన్న చిన్నవి ఉంటాయి. ప్రయోగం ఫొటోలు రెండు తీసి, పేజీన్నరలో ఏం చేశామో రాసిస్తే టీచరు దాన్ని కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశంలో) చూపించుకోవచ్చు, టీఎల్‌ఎం (బోధన సామగ్రి) కింద పెట్టుకోవచ్చు. పేరు టీచరుదే ఉండాలి, మీ సంస్థ లోగో కాదు. ఎఫ్‌ఏలో ప్రయోగం, ప్రాజెక్టు నివేదికలకు మార్కులు ఉన్న చోట పిల్లలు నోట్‌బుక్‌లో రాసిన ఆ "అనుకున్నది, చూసింది" గడులే నివేదికగా పనికొచ్చేలా చూడండి. అప్పుడు ప్రయోగం సిలబస్‌కు అడ్డం రాదు, పనిని తగ్గిస్తుంది.

మొదటి నెల మీరు చేయండి, టీచరు చూస్తారు. రెండో నెల ఇద్దరూ. మూడో నెల నుంచి టీచరు చేస్తారు, మీరు గ్రూపుల మధ్య తిరుగుతారు. ఈ మార్పు దానంతట అది రాదు, మొదట్లోనే మాట్లాడుకోవాలి. పిల్లలు మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి అడిగే ప్రశ్నలను "మేడమ్‌ను అడుగుదాం పద" అని మళ్లించండి. పిల్లలు మిమ్మల్ని ఎంత ఇష్టపడితే టీచరుకు అంత కష్టం, ఇది గుర్తుంటే చాలు.

సరంజామా ఆలోచనలు కావాలంటే చెత్త నుంచి బొమ్మలు చేసే అరవింద్ గుప్తా వెబ్‌సైట్ ఉచితం. తెలుగులో సైన్స్ పత్రిక కావాలంటే జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ఉంది. ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన మన డైనోసార్ అది. పక్కనే ప్లానెటేరియం, తెలుగులోనూ షో వేస్తారు. తార్నాక, ఉప్పల్ ప్రాంతంలో ఐఐసీటీ (రసాయన పరిశోధన), జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ (జీవకణాల పరిశోధన), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన) ఉన్నాయి. జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28, వీటిలో చాలావాటిని నడిపే కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబర్ 26 ప్రాంతాల్లో ఇలాంటి ల్యాబుల్లో జనాన్ని లోపలికి రానిచ్చే రోజులు ఉంటాయి. నెల ముందే ఫోన్ చేసి బడి పేరు మీద అడగండి. ఒక రోజులో ఒక్క చోటుకే వెళ్లండి. ప్రతి గ్రూపుకూ ఒక్క ప్రశ్న ఇచ్చి పంపండి, జవాబుతో రావాలి. బస్సు, హెచ్‌ఎం అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, ఆడపిల్లలతో ఒక మేడమ్, ఇవి లేనిదే బయలుదేరొద్దు.

సైన్స్ ఫెయిర్ సంగతి: బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పిల్లల ఆలోచనలు పంపితే, ఎంపికైన పిల్లవాడి ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. అందుకని ఎక్కడి నుంచో మోడల్ కొని తెచ్చే అలవాటు ఉంది. ప్రశ్నల డబ్బా తెరవండి, ఆలోచనలు అందులోనే ఉంటాయి. అమ్మ పూలు కట్టేటప్పుడు దారం జారిపోతోంది, ఆటోలో వెనక కూర్చున్నవాళ్ల మీదికి వాన జల్లు కొడుతోంది, ఇలాంటివి. పెద్దలు చేయాల్సింది ఆన్‌లైన్‌లో నమోదు చేయడం, గడువు దాటిపోకుండా చూడడం వరకే.

మార్చిలో అప్పగింత

ఏప్రిల్ దాకా ఆగితే అందరూ పరీక్షల హడావుడిలో ఉంటారు. మార్చి మొదటి వారంలోనే టీచరుతో కూర్చుని ఎనిమిది డబ్బాలూ తెరవండి. ఏవి అరిగాయి, ఏవి ఒక్కసారీ వాడలేదు అని చూడండి. వాడనివి తీసేయండి, మంచివే అయినా సరే. పాఠం పేరు, చేసిన ప్రయోగం, పట్టిన సమయం, చెడిపోయిన తీరు ఒక్కో పేజీలో రాసిన నోట్‌బుక్ ఒకటి డబ్బాల దగ్గరే ఉంచండి. టీచరు బదిలీ అయితే కొత్తగా వచ్చేవారికి అదే ఆధారం. అందులో మీ ఫోన్ నంబరు, జూన్‌లో కొనాల్సిన సామాన్ల జాబితా చివరి పేజీలో రాయండి. వచ్చే ఏడాది ఆ టీచరు మిమ్మల్ని పిలవకుండానే ప్రయోగాలు చేస్తుంటే ఆ బడికి ఇక వెళ్లక్కర్లేదు. పక్క వీధి బడి హెచ్‌ఎంను కలవండి, వీలైతే ఈ టీచరునే వెంటబెట్టుకుని వెళ్లండి.